పోలిక లేనివాడు, దగ్గరివాడు
(మౌల్వీ ఉమర్ ఆలీషా కవి స్మారక ఉపన్యాసం, అమలాపురం)

 

ఉమర్ ఆలీషా కవి పేరున మాట్లాడమంటే తెలుగు చదువుకున్న ఏ ముస్లింకైనా సంతోషం, భయం రెండూ కలుగుతాయి. 1885లో పిఠాపురంలో పుట్టిన ఆయన అరబ్బీ, పారశీకం, ఉర్దూ ఎంత శ్రద్ధగా నేర్చారో సంస్కృతాంధ్రాలు అంత శ్రద్ధగా నేర్చారు. ఉమర్ ఖయ్యాం రుబాయీలను ఇంగ్లీషు మీదుగా కాక పారశీకం నుంచే తెలుగు పద్యంలోకి తెచ్చారు. నాటకాలు రాశారు, ప్రవక్త చరిత్ర రాశారు, 1930ల్లో ఢిల్లీ వెళ్ళి కేంద్ర శాసనసభలో కూర్చున్నారు, పిఠాపురం ఆధ్యాత్మిక పీఠానికి అధిపతిగా ఉన్నారు. 1945 జనవరిలో నరసాపురంలో కన్నుమూశారు. నరసాపురం మనకు పరాయి ఊరేం కాదు. సఖినేటిపల్లి రేవులో నిలబడితే వశిష్ఠకు అవతల కనిపించే ఊరే. ఆయన పీఠాన్ని నమ్ముకున్న కుటుంబాలు ఇవాళ్టికీ గోదావరి జిల్లాల పల్లెల్లో ఉన్నాయి. వాళ్ళలో హిందువులు చాలామంది.

ఆయన కవిత్వం గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఈ సభలోనే ఉన్నారు. నేను ఆయన జీవితమంతా ఏ ప్రశ్న చుట్టూ తిరిగారో ఆ ప్రశ్ననే తీసుకుంటున్నాను. ముస్లిం నమ్మే దేవుడు ఎలాంటివాడు?

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. బడిలో తెలుగు చెప్పే రోజుల్లో పిల్లలు అడిగేవారు, "మాస్టారూ, మీ దేవుడు ఎలా ఉంటాడండీ?" అని. అడగవలసిన ప్రశ్నే. కోనసీమలో దేవుడు కంటికి ఎదురుగా వస్తాడు. కనుమనాడు జగ్గన్నతోటకు పదకొండు ఊళ్ళ రుద్రులు ప్రభల మీద తరలివస్తారు. భీష్మ ఏకాదశికి అంతర్వేదిలో నరసింహస్వామి రథం కదులుతుంది. దేవుడికి ముఖం ఉంది, పెళ్ళి ఉంది, ఊరేగింపు ఉంది, ఊరితో చుట్టరికం ఉంది. ఆ నేల మీద పెరిగిన పిల్లవాడు మసీదు గుమ్మంలో నిలబడి లోపలికి తొంగిచూస్తే తెల్లటి గోడలు, చాపలు, పడమటి గోడలో ఒక గూడు తప్ప ఏమీ కనిపించవు. అక్కడ ఎవరూ లేరు కదా అనుకోవడం సహజం. పెద్దవాళ్ళు కూడా అదే అనుకుంటారని నాకు చాలా ఏళ్ళ తర్వాత అర్థమైంది. నిరాకారుడు అనగానే దూరంగా, పొడిగా, కఠినంగా ఉండే ఒక అధికారి అని మనసులో ఒక బొమ్మ పడిపోతుంది. ఆ బొమ్మ చెరగాలన్నది ఇవాళ్టి నా ఆశ.

పడమటి గోడలోని ఆ గూడుతోనే మొదలుపెడతాను. దాన్ని మిహరాబు అంటారు. అందులో దేవుడు ఉంటాడని ఏ ముస్లిమూ అనుకోడు. నమాజుకు ఎటు తిరగాలో చెప్పే గుర్తు అది, అంతే. అమలాపురం నుంచి మక్కా పడమరకు కాస్త ఉత్తరంగా ఉంటుంది, అందుకే మన మసీదుల వరుసలు కొన్నిచోట్ల వీధికి ఏటవాలుగా కనిపిస్తాయి. మక్కాలోని కాబా కూడా దిక్కే. దాని మూలలో ఉన్న నల్లరాయిని యాత్రికులు ముద్దు పెట్టుకుంటారు. రెండో ఖలీఫా ఉమర్ ఒకసారి ఆ రాయి ముందు నిలబడి, నువ్వు మేలూ కీడూ చేయలేని రాయివని నాకు తెలుసు, ప్రవక్త ముద్దు పెట్టుకోవడం చూశాను కనుకే నేనూ పెట్టుకుంటున్నాను అన్న అర్థంలో చెప్పారని బుఖారీ సంకలించిన హదీసుల్లో, అంటే ప్రవక్త మాటల, చేతల ఉల్లేఖనాల్లో ఉంది. అంత పవిత్రమైన చోట నిలబడి అంత మాట అనడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యం ఇచ్చిన నమ్మకం పేరే తౌహీద్.

తౌహీద్ అంటే దేవుడు ఒక్కడే అని నమ్మడం. ఇంతవరకు అందరికీ తెలుసు. అయితే ఈ 'ఒక్కడు' లెక్కలోని ఒకటి కాదు. లెక్కలో ఒకటి తర్వాత రెండు వస్తుంది. ముస్లిం చెప్పే ఏకత్వంలో రెండోదానికి చోటే లేదు. ఖురాన్‌లో 112వ సూరా (అధ్యాయం) ఇఖ్లాస్‌లో నాలుగే ఆయత్‌లు (వాక్యాలు). మన మసీదుల్లో అరబ్బీ అక్షరం రాని పిల్లవాడికి కూడా ముందుగా నోటికి వచ్చేవాటిలో ఇదొకటి. ఆ నాలుగు ఆయత్‌ల సారం ఇది: దేవుడు ఏకైకుడు. ఆయనకు ఎవరి అవసరమూ లేదు, అందరికీ ఆయన అవసరమే. ఆయనకు సంతానం లేదు, ఆయన ఎవరి సంతానమూ కాడు. ఆయనకు సాటి ఎవరూ లేరు. ఇంత చిన్న సూరా ఖురాన్‌లో మూడోవంతుకు సమానమని ప్రవక్త (స) అన్నట్టు హదీసుల్లో ఉంది. ఖురాన్‌లో చట్టాలున్నాయి, చరిత్రలున్నాయి, దేవుడి గురించి ఉంది. ఆ మూడింటిలో దేవుడి భాగమంతా ఈ నాలుగు ఆయత్‌లలో ఇమిడి ఉంది కనుక అలా అన్నారని కొందరు పండితుల వివరణ.

దేవుడు ఒక్కడే అన్న మాట కాగితం మీద తేలిక. మక్కాలో అబిసీనియా సంతతి బానిస బిలాల్‌కు అది తేలిక కాలేదు. మిట్టమధ్యాహ్నం కాలే ఇసుకలో వెల్లకిలా పడుకోబెట్టి, గుండెల మీద బండరాయి పెట్టి, నీ కొత్త దేవుణ్ణి వదులుకో అన్నాడు యజమాని. బిలాల్ నోటి నుంచి వచ్చింది ఒకటే మాట, అహద్, అహద్. ఒక్కడు, ఒక్కడు. తర్వాత ఇస్లాంలో నమాజుకు పిలుపునిచ్చే మొదటి మౌజన్ అయ్యింది ఆయనే. యజమాని కూడా దేవుడి ముందు నాలాంటి బానిసే అన్న ధైర్యం ఆ మాటలో ఉంది. మన దగ్గర కులం పేరున తల వంచి బతికినవారికి ఈ మాట ఎందుకు తగిలిందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక ఆయనకు పోలిక లేదనే విషయానికి వస్తాను. ఇక్కడే వెయ్యేళ్ళకు పైగా ముస్లిం పండితులు తలలు బద్దలుకొట్టుకున్నారు, కొందరు నిజంగానే దెబ్బలు తిన్నారు. ఖురాన్ ఒకవైపు ఆయనలాంటిది ఏదీ లేదంటుంది. మరోవైపు ఆయన చేయి అంటుంది, ఆయన ముఖం అంటుంది, ఆయన సింహాసనం మీద ఉన్నాడంటుంది. పోలిక లేనివాడికి చేయి ఏమిటి? 8వ శతాబ్దంలో మదీనాలో ఇమాం మాలిక్ దగ్గరకు ఒకడు వచ్చి, దేవుడు సింహాసనం మీద ఎలా ఉన్నాడు అని అడిగాడు. మాలిక్ తల వంచుకుని చాలాసేపు ఉండిపోయారట, చెమటలు పట్టాయట. చివరికి ఆయన చెప్పినదాని సారం: ఉన్నాడన్నది మనకు తెలుసు, ఎలా అన్నది మన బుద్ధికి అందదు, నమ్మడం విధి, ఎలా అని తరచి అడగడం కొత్త పోకడ. అడిగినవాణ్ణి సభ నుంచి పంపించేశారని కూడా చెబుతారు. పంపించడం నాకు నచ్చదు, ఉపాధ్యాయుణ్ణి కదా. కానీ ఆ చెమటలు నాకు నచ్చుతాయి. దేవుడి గురించి నోరు తెరిచే ముందు ఒళ్ళు చెమర్చని పండితుణ్ణి నేను నమ్మను.

బస్రా, బాగ్దాద్ నగరాల్లో ముతజిలాలు అనే తార్కికులు ఉండేవారు. తమను తాము న్యాయం, ఏకత్వం నమ్మేవారమని చెప్పుకునేవారు. దేవుడి చేయి అంటే శక్తి, ముఖం అంటే ఆయన స్వరూపం అని వాళ్ళు బుద్ధికి పొసిగేలా అర్థం చెప్పారు. ఇంకో అడుగు వేశారు. దేవుడికి జ్ఞానం, శక్తి, వాక్కు అని వేరువేరు గుణాలు అనాదిగా ఉన్నాయంటే అనాది వస్తువులు చాలా అయిపోయి ఏకత్వం చెడిపోదా? అందుకని ఖురాన్ కూడా దేవుడు ఒక సమయంలో సృష్టించిన వాక్కే, అనాది కాదు అన్నారు. చాలా పదునైన ప్రశ్న. అయితే 833లో ఖలీఫా మామూన్ ఆ ప్రశ్నను ప్రభుత్వ పరీక్షగా మార్చేశాడు. ఖురాన్ సృష్టి అని ఒప్పుకోని న్యాయాధికారులనూ పండితులనూ పిలిపించి నిలదీశారు. బాగ్దాద్‌లో అహ్మద్ ఇబ్న్ హంబల్ ఒప్పుకోలేదు. జైలుపాలయ్యారు, తర్వాతి ఖలీఫా కాలంలో కొరడా దెబ్బలు తిన్నారు, అయినా మాట మార్చలేదు. 847లో గద్దెనెక్కిన ముతవక్కిల్ కాలంలో ఆ విచారణలు ఆగిపోయాయి. బుద్ధిని నమ్మినవారు రాజు కొరడాను అరువు తెచ్చుకోవడం ఇస్లాం చరిత్రలో ఒక విషాదం అని నా నమ్మకం. వాళ్ళ వాదంలో నాకు నచ్చినవి చాలా ఉన్నాయి. ఆ కొరడా వల్ల వాటికి కూడా చెడ్డపేరు వచ్చింది.

ఆ తర్వాత బస్రాలో అబుల్ హసన్ అషరీ వచ్చారు. నలభై ఏళ్ళ వరకు ముతజిలాగా ఉండి, దారి మార్చుకుని, వాళ్ళ తర్కంతోనే వాళ్ళకు జవాబు చెప్పారు. 936 ప్రాంతంలో కన్నుమూశారు. దాదాపు అదే కాలంలో సమర్ఖండ్‌లో అబూ మన్సూర్ మాతురీదీ అదే పని వేరే పద్ధతిలో చేశారు. ఆయన మరణం 944. దేవుడి గుణాలు నిజమైనవే, అవి ఆయనే అనలేం, ఆయనకు వేరని కూడా అనలేం అన్నారు వీళ్ళు. మనిషి చేతితో పోల్చకూడదు, అలాగని ఆ మాటను కొట్టిపారేయకూడదు, ఎలా అని అడగకుండా అంగీకరించాలి. మన దేశంలో సున్నీ ముస్లింలు ఎక్కువమంది హనఫీ న్యాయ సంప్రదాయం వారు, హనఫీ పండితులు ఎక్కువగా మాతురీదీ దారివారు. అంటే రాజోలులోనో కొత్తపేటలోనో నమాజు చేయించే పేష్ ఇమాం గారు పిల్లలకు దేవుడి గురించి చెప్పే నాలుగు మాటల వెనుక సమర్ఖండ్ మదరసా ఉంది. ఆ పేరు ఆయన నోట వినబడకపోవచ్చు.

మన సీమలో రెండో సంప్రదాయం కూడా ఉంది. మామిడికుదురు మండలం నగరం గ్రామంలో షియా కుటుంబాలు ఉన్నాయి. మొహర్రంలో అక్కడ జరిగే మాతం గురించి ఈ చుట్టుపక్కల వినని వారుండరు. గుండెలు బాదుకునే ఆ దృశ్యం చూసి వెళ్ళిపోతాం గాని, దేవుడి గురించి ఆ కుటుంబాల నమ్మకం ఏమిటో అడగం. షియాల ధర్మమూలాలు ఐదు. మొదటిది తౌహీద్, రెండోది అదల్, అంటే దేవుడి న్యాయం. తర్వాత ప్రవక్తృత్వం, ఇమామత్, పునరుత్థానం. దేవుడి న్యాయాన్ని ఏకత్వం పక్కనే, రెండో మెట్టులోనే నిలబెట్టారు. దేవుడు అన్యాయం చేయడు, చేయలేని దాన్ని మనిషి నెత్తిన పెట్టడు, మనిషి చేసిన దానికే లెక్క అడుగుతాడు. గుణాల విషయంలో కూడా వాళ్ళది గట్టి మాట. హజ్రత్ అలీ ప్రసంగాల సంకలనం నహజుల్ బలాగాలో మొదటి ప్రసంగం, దేవుడి స్వరూపానికి గుణాలను వేరుగా తగిలిస్తే ఆయన్ను ముక్కలు చేసినట్టే అన్న దారిలో సాగుతుంది. ముతజిలాల పాఠశాల బాగ్దాద్‌లో కనుమరుగై శతాబ్దాలైంది. వాళ్ళ ప్రశ్నలో సగం మాత్రం షియాల పాఠంలో ఇవాళ్టికీ బతికి ఉంది, ఇక్కడి నగరంలోనే.

న్యాయం మాట వచ్చింది కనుక కాసేపు అక్కడే ఆగుతాను. 2014 జూన్ 27 తెల్లవారుజామున అదే నగరంలో గ్యాస్ గొట్టం పేలింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. కొబ్బరి తోటలు నిలువునా కాలిపోయాయి. రంజాన్‌కు రెండు మూడు రోజుల ముందు మాట ఇది. అంతకుముందు 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి రెండు నెలలు మండింది, 1996 నవంబరు 6 తుపాను ఈ సీమను ఊడ్చిపెట్టింది. ప్రతిసారీ మనం వినే మాట, అంతా పైవాడి రాత. ముస్లిం నోట అదే మాట తక్దీర్ అని వస్తుంది. సున్నీలకు తక్దీర్ మీద నమ్మకం విశ్వాసంలో భాగం. జరిగేదేదీ దేవుడి జ్ఞానానికీ ఆజ్ఞకూ బయట లేదు. మరి గొట్టానికి తుప్పు పట్టనిస్తే, లీకు ఉందని జనం మొరపెట్టుకుంటే వినకపోతే, అది కూడా దేవుడి ఖాతాలోకేనా?

దీనికి జవాబు నేను కల్పించనక్కర్లేదు. రెండో ఖలీఫా ఉమర్ సిరియా వైపు సైన్యాన్ని చూడటానికి వెళుతుండగా అక్కడ ప్లేగు వ్యాపించిందని కబురు వచ్చింది. ఆయన అందరినీ సంప్రదించి, వెనక్కి మళ్ళమన్నారు. సేనాపతి అబూ ఉబైదా అభ్యంతరం చెప్పారు, అల్లాహ్ రాత నుంచి పారిపోతున్నావా అని. అల్లాహ్ రాత నుంచి అల్లాహ్ రాతలోకే వెళుతున్నాను అన్న అర్థంలో ఉమర్ జవాబిచ్చి, ఒంటెల్ని పచ్చగా ఉన్న గట్టున మేపినా ఎండిన గట్టున మేపినా రెండూ దేవుడి రాతే గదా, కాపరి ఏ గట్టు ఎంచుకోవాలి అని అడిగారు. ఒంటెను కట్టేసి తర్వాత దేవుడి మీద భారం వెయ్యమని ప్రవక్త ఒక పల్లెవాసికి చెప్పిన హదీసు ఉంది. హజ్రత్ అలీ పేరున చెప్పుకునే కథ కూడా ఉంది. మనిషికి స్వేచ్ఛ ఎంత అని అడిగినవాణ్ణి ఒక కాలు ఎత్తమన్నారట, ఎత్తాడు. రెండోది కూడా ఎత్తు అన్నారట. అంతే స్వేచ్ఛ, అంతే కట్టుబాటు.

వీటన్నిటి తర్వాత కూడా, తక్దీర్ అనే మాటను బాధ్యుల్ని కాపాడటానికి వాడేవాడు దేవుడి గురించి అబద్ధం చెబుతున్నాడని నా గట్టి నమ్మకం. బిడ్డను పోగొట్టుకున్న తల్లి అల్లాహ్ రాత అని కన్నీళ్ళు తుడుచుకుంటే అది ఈమాన్, విశ్వాసం. కుర్చీలో కూర్చున్నవాడు అదే మాట ఆమెకు చెబితే అది దౌర్జన్యం. మాట ఒకటే. ఎవరి నోట వస్తోందన్న దాన్ని బట్టి అది ఆరాధనా అవుతుంది, నేరమూ అవుతుంది.

ఇంతవరకు తర్కం గురించి మాట్లాడాను. సామాన్య ముస్లిం ఇంట్లో దేవుడు తర్కం రూపంలో ఉండడు. పేర్ల రూపంలో ఉంటాడు. దేవుడికి తొంభై తొమ్మిది పేర్లు ఉన్నాయని, వాటిని మనసున నిలుపుకున్నవాడు స్వర్గంలో ప్రవేశిస్తాడని ప్రవక్త చెప్పినట్టు బుఖారీ, ముస్లిం అనే రెండు హదీసు సంకలనాల్లోనూ ఉంది. జపమాల తస్బీలో ముప్ఫై మూడు పూసలో తొంభై తొమ్మిది పూసలో ఉండటం చూసే ఉంటారు. ఆ పేర్ల మీద 1111లో మరణించిన ఇమాం గజాలీ ఒక పుస్తకమే రాశారు. ప్రతి పేరు దగ్గరా ఆయన, ఈ గుణంలో మనిషి వాటా ఎంత అని అడుగుతారు. దయామయుడు అని పిలిచేవాడు తానూ దయ చూపాలి, దోషాలను కప్పేవాడు అని పిలిచేవాడు పక్కవాడి దోషాన్ని వీధిలో పెట్టకూడదు.

మన వీధుల్లో ముస్లింల పేర్లు ఒకసారి గుర్తు చేసుకోండి. అబ్దుల్ రహ్మాన్, అబ్దుల్ కరీం, అబ్దుల్ గఫూర్, అబ్దుల్ ఖాదర్, అబ్దుల్ రజాక్. దయామయుడి దాసుడు, ఉదారుడి దాసుడు, క్షమించేవాడి దాసుడు, శక్తిమంతుడి దాసుడు, అన్నదాత దాసుడు. కొబ్బరికాయల లెక్క దగ్గర, టైలరింగ్ షాపు దగ్గర, ఆటో స్టాండులో మనం రోజూ దేవుడి గుణాలను పిలుస్తూనే ఉన్నాం. మన అలవాటుకొద్దీ ముందున్న అబ్దుల్ వదిలేసి రహ్మానూ అని పిలిస్తే పెద్దవాళ్ళు చిన్నబుచ్చుకునేవారు. ఆ పేరు ఒక్కడిది, మిగతావాళ్ళు ఆయన దాసులు.

ఆ పేర్లన్నిటిలో రెండు మిగతావాటికంటే ముందుంటాయి. రహ్మాన్, రహీం. రెండూ కరుణ నుంచే పుట్టాయి. ఖురాన్‌లో 114 సూరాల్లో తొమ్మిదోది తప్ప అన్నీ ఆ రెండు పేర్లతోనే మొదలవుతాయి. ముస్లిం అన్నం ముద్ద ఎత్తుకునే ముందు, పడవ ఎక్కే ముందు, షాపు షట్టరు ఎత్తే ముందు ఆ రెండు పేర్లే తలుస్తాడు. ప్రతీకారి, బలవంతుడు, లెక్క అడిగేవాడు అనే పేర్లూ దేవుడికి ఉన్నాయి, దాచిపెట్టను. తీర్పు రోజు భయం లేని ఇస్లాం లేదు. అయితే తన కరుణ తన కోపాన్ని మించుతుందని దేవుడే రాసిపెట్టుకున్నాడని హదీసు. ఒక యుద్ధం తర్వాత బందీలను తెచ్చినచోట ఒక స్త్రీ గుంపులో పరుగులు తీస్తూ బిడ్డను వెతుక్కుని గుండెకు హత్తుకుని పాలిచ్చింది. ప్రవక్త పక్కవారిని అడిగారు, ఈమె తన బిడ్డను నిప్పుల్లో వేస్తుందనుకుంటారా అని. వేయదన్నారు. ఈమెకు బిడ్డ మీద ఉన్న దయ కంటే దేవుడికి తన దాసుల మీద ఉన్న దయ ఎక్కువ అని ఆయన అన్నారు. రాజోలు, మలికిపురం వైపు నుంచి కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్ళి పరాయి ఇళ్ళలో పనిచేసే మన ఆడపిల్లల్లో ఎన్నో మతాలవారు ఉన్నారు. బిడ్డను అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్ళిన తల్లికి ఈ హదీసు చెప్పనక్కర్లేదు, ఆమెకు తెలుసు. దేవుడు కఠినుడని చెప్పేవారు ఆ తల్లిని చూసి చెప్పాలి.

దేవుడి దగ్గరతనం కూడా ఖురాన్ మాటే. మనిషికి తన మెడనరం కంటే ఆయన దగ్గర అంటుంది 50వ సూరా. పిలిచినవాడి పిలుపుకు జవాబిస్తాడు, మధ్యవర్తి అక్కర్లేదు అన్నది రెండో సూరాలో వచ్చే భావం. మా అమ్మీ మమ్మల్ని దండించే మాట ఒకటే, "అల్లా మియా చూస్తున్నాడు." చిన్నప్పుడు అది బెదిరింపు. ఆమె పోయాక, ఎవరూ చూడని చోట ఒంటరిగా ఉన్నప్పుడు, ఆ మాటే తోడు.

పోలిక లేకపోవడం, దగ్గరగా ఉండటం ఈ రెండింటినీ కలిపి పట్టుకోవడమే ముస్లిం విశ్వాసం అని నేను అర్థం చేసుకున్నాను. మొదటిదాన్నే పట్టుకుంటే దేవుడు దూరపు అధికారి అయిపోతాడు. రెండోదాన్నే పట్టుకుంటే మనలో ఒకడైపోతాడు. సూఫీలు ఈ రెండో అంచున నడిచారు, కొందరు జారారని పండితులు అన్నారు. నేనే సత్యాన్ని అన్న మన్సూర్ హల్లాజ్‌ను 922లో బాగ్దాద్‌లో చంపేశారు. స్పెయిన్‌లో పుట్టి 1240లో డమాస్కస్‌లో మరణించిన ఇబ్న్ అరబీ, ఉన్నది ఒక్కటే ఉనికి, మిగతాదంతా దాని ప్రకాశమే అన్న దారిని చూపారు. మన దేశంలో షేక్ అహ్మద్ సర్హిందీ 1624లో చనిపోయేదాకా దానితో వాదించారు. ఒక్కటిగా కనిపించడం భక్తుడి అనుభవం, దాసుడు మాత్రం దాసుడే, దేవుడు దేవుడే అన్నారు ఆయన.

ఉమర్ ఆలీషా ఈ వాదాన్ని తెలుగులోకి తెచ్చారు. సూఫీ వేదాంత దర్శము అనే గ్రంథం పేరులోనే ఆయన దారి తెలుస్తుంది. సూఫీలు చెప్పినదీ ఉపనిషత్తులు చెప్పినదీ ఒకే అనుభవమని ఆయన నమ్మారు. ఈ మాటను ఆయన స్మారక వేదిక మీదే ఒక చిన్న అభిప్రాయభేదంతో చెప్పుకోవడం ఆయనకు అగౌరవం కాదనుకుంటాను. అద్వైతంలో జీవుడు చివరికి బ్రహ్మమే. ఇబ్న్ అరబీని ఎంత దూరం లాగినా ఆయన దాసుడు సజ్దాలోంచి, అంటే సాష్టాంగం నుంచి, లేవడు. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది, కానీ ముస్లిం ప్రార్థన అంతా ఆ తేడా మీదే నిలబడి ఉంది. రెండూ ఒకటే అని తొందరగా అనేస్తే స్నేహం మిగులుతుంది, వినడం మిగలదు. ఉమర్ ఆలీషా ఆ తలుపు తెరిచి ఉండకపోతే ఈ తేడాను తెలుగులో చెప్పుకునే భాషే నాకు ఉండేది కాదు. ఆ రుణం పెద్దది.

దర్గాల సంగతి అడుగుతారని తెలుసు. ద్రాక్షారామంలో భీమేశ్వరుడి గుడి ఉన్న ఊళ్ళోనే సయ్యద్ షా భాజీ ఔలియా దర్గా ఉంది. గురువారం నాడు అక్కడ నిలబడేవారిలో ఎవరు ఏ మతమో చెప్పడం కష్టం. దేవుడికి సాటి కల్పించడం, అంటే షిర్క్, ఇస్లాంలో అన్నిటికంటే పెద్ద పాపం. వలీని, అంటే దర్గాలోని మహాత్ముణ్ణి, అడగడం షిర్క్ అని దేవబందీ, అహలే హదీస్ పండితులు హెచ్చరిస్తారు. వలీ ద్వారా అల్లాహ్‌నే అడుగుతున్నాం, ఇది వసీలా (మాధ్యమం) అని బరేల్వీలు అంటారు. ఈ వాదం మన జమాతుల్ని కూడా చీల్చింది, పెళ్ళి సంబంధాలు చెడగొట్టింది. నా మాట చెబుతాను. సమాధిలో ఉన్న ఆ మహాత్ముడు జీవితమంతా అల్లాహ్ ముందే తల వంచాడు. మనం ఆయన ముందు తల వంచితే ఆయన నేర్పిన పాఠం మరిచినట్టే. కానీ పిల్లవాడి జ్వరం తగ్గాలని చీర కొంగు పట్టుకుని ఏడుస్తూ వచ్చిన తల్లిని గుమ్మంలో ఆపి ముష్రిక్ (షిర్క్ చేసినది) అనేవాడి కంటే ఆమె గుండె అల్లాహ్‌కు దగ్గరగా ఉండవచ్చు. ఆ లెక్క తేల్చే అధికారం ఏ మౌల్వీకీ లేదు.

ఒక్క విషయం మిగిలింది. దేవుణ్ణి ఎప్పటికైనా చూస్తామా? ఏడో సూరాలో మూసా ప్రవక్త దేవుణ్ణి చూపించమని అడుగుతాడు. నువ్వు చూడలేవు అన్న జవాబు వస్తుంది. దేవుడి ప్రకాశం సోకిన కొండ పొడి అవుతుంది, మూసా స్పృహ తప్పుతాడు. ఈ లోకంలో చూపు లేదన్న విషయంలో దాదాపు అందరూ ఒకటే. పరలోకం సంగతి దగ్గర దారులు విడిపోతాయి. పున్నమి చంద్రుణ్ణి తొక్కిసలాట లేకుండా అందరూ చూసినట్టు మీ ప్రభువును చూస్తారన్న హదీసును పట్టుకుని సున్నీలు చూస్తామంటారు, ఎలా అని మాత్రం అడగరు. ముతజిలాలు, షియాలు చూడలేమంటారు. చూపుకు అందాలంటే దిక్కు ఉండాలి, హద్దు ఉండాలి, ఆయనకు రెండూ లేవు. చూపులు ఆయన్ను అందుకోలేవన్న ఆరో సూరా ఆయత్ వాళ్ళ ఆధారం.

నేను సున్నీ ఇంట్లో పుట్టాను. చూస్తామనే నమ్ముతున్నాను, ఆశపడుతున్నాను కూడా. నగరంలో నాకు ఒక షియా మిత్రుడు ఉన్నారు. ఆయన అంటారు, "మాస్టారూ, కంటికి అందేవాడైతే మీ చెమటలు పట్టిన మాలిక్ గారు ఎందుకండీ అంతసేపు తల వంచుకున్నారు?" నేనంటాను, మూసా అడిగాడు కదా, చూడటం అసాధ్యమైతే ఒక ప్రవక్త అసాధ్యమైనదాన్ని అడుగుతాడా అని. మూసా తన జనం పోరు పడలేక అడిగాడని ఆయన జవాబు. ఈ వాదం మాకంటే వెయ్యేళ్ళు పెద్దది, మా ఇద్దరి మధ్యా ఇంకా తెగలేదు. మీలో ఎవరైనా అందులోకి రాదలిస్తే రండి, ప్రశ్నలకు సమయం ఉంది.